ఆదరణ దారిలోనే మొదలవుతుంది

సంపాదకులకు నమస్కారాలు.

డిసెంబరు నెల వచ్చిందంటే మీ జిల్లా పేజీలలో పండుగ ప్రయాణాల కష్టాల గురించిన వార్తలు ఎక్కువవుతాయి. రైళ్లలో కాలు పెట్టే చోటు లేదనీ, సరిహద్దు దాటే బస్సులు వేళకు రావనీ, ఆటోవాళ్లు నోటికి వచ్చినంత అడుగుతున్నారనీ మీ విలేకరులు రాసేదంతా నిజమే. దాన్ని కాదనడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. అయితే ఆ కష్టాలన్నీ ముందే తెలిసి కూడా మా ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలు ఏటేటా ఎందుకు బయలుదేరుతున్నాయో, దారిలో వారికి దొరికే సంతోషం ఎలాంటిదో ఒక్కసారైనా పత్రికలో కనిపిస్తే బాగుంటుందని నా కోరిక. మా సంఘాలలో కూడా ఈ విషయం మీద ఒక పొరపాటు అభిప్రాయం పాతుకుపోయింది. అయినవాళ్లను చూడడానికి వెళ్లే ప్రయాణాన్ని ఆరాధనకు బయటి పనిగా, ఎలాగోలా భరించి గట్టెక్కవలసిన శ్రమగా చూస్తున్నాం. సామాను దింపి, కాళ్లు కడుక్కుని, చాప మీద కూర్చుని ప్రార్థన చేసుకున్న తరువాతనే దేవుని ఆదరణ మొదలవుతుందన్నట్టు మాట్లాడుకుంటున్నాం. లేఖనాన్ని నిదానంగా చదివితే సంగతి అలా లేదు.

నేను పర్లాకిమిడిలో స్థిరపడిన తెలుగువాణ్ణి, బడిపంతులుగా పనిచేసి విరమించుకున్నవాణ్ణి. మా ఊరూ, ఆంధ్రలోని పాతపట్నమూ మహేంద్రతనయ ఒడ్డున దాదాపు ఆనుకుని ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం ఇటు వచ్చింది, మిగిలినది మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గీత గీసినవారికి అది పరిపాలన వ్యవహారం. ఇక్కడి కుటుంబాలకు మాత్రం ఆ రోజు నుంచీ అక్క ఒక రాష్ట్రంలో, తమ్ముడు ఇంకొక రాష్ట్రంలో ఉండడం మామూలైపోయింది. మా ఇంటినే తీసుకుంటే మా అప్పను, అంటే అక్కను, టెక్కలి దగ్గరి పల్లెకు ఇచ్చారు, మా ఆవిడ పుట్టిల్లు గుణుపురం, పిల్లలు విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. బరంపురంలోనో, రాయగడలోనో ఉన్న తెలుగు కుటుంబాలను అడిగినా కథ ఇంచుమించు ఇదే. పండుగకైనా, పురిటికైనా, చావుకైనా సరిహద్దు దాటకుండా మాకు జరగదు.

ఈ దారి చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది, 1931 నాటికి అది గుణుపురం చేరింది. పెద్ద లైను వేయడానికి 2004లో ఆ బండిని ఆపివేశారు. 2011లో మళ్లీ రైలు కూత వినపడేదాకా ఇక్కడివాళ్లకు బస్సులూ జీపులే దిక్కయ్యాయి. చిన్న బండి రోజుల గురించి మా పెద్దవాళ్లు చెప్పేవారు: ఎక్కడం నెమ్మది, వెళ్లడం నెమ్మది, అందుచేత పెట్టెలో ఒకరు కీర్తన ఎత్తుకుంటే అన్ని చరణాలూ పూర్తయ్యేవట. తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో పెద్దలైన పురుషోత్తమ చౌధురిగారు 1803లో మా పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టారు, 1833లో కటకంలో (కటక్) బాప్తిస్మం పొందారు. రైలు లేని ఆ కాలంలో ఇక్కడి నుంచి కటకం ఎంత దూరమో తలచుకుంటే, ఇప్పుడు సీటు దొరకలేదని మనం చేసే గొడవ కొంచెం ఎక్కువేమో అనిపిస్తుంది. అలాగని రైల్వేవారిని నేను వెనకేసుకు వస్తున్నానని అనుకోవద్దు. పండుగ రోజుల్లో ఈ లైనుకు మరికొన్ని పెట్టెలు తగిలించడం వారి బాధ్యతే.

అసలు విషయానికి వస్తాను. కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను కీర్తనలకు 'యాత్రకీర్తన' అని శీర్షిక ఉంటుంది. పండుగలకు యెరూషలేముకు ఎక్కి వెళ్లే జనం వీటిని దారి పొడవునా పాడుకునేవారని పండితులు చెబుతారు. అంటే ఇవి మందిరంలో కూర్చుని పాడుకోవడానికి మాత్రమే ఉద్దేశించినవి కావు, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లతో పాడుకున్నవి. వాటిలో 121వ కీర్తనను ఊరికి బయలుదేరే ముందు చదవడం మా ఇళ్లలో ఆనవాయితీ. గుమ్మం ముందు ఆటో హారను కొడుతూ ఉంటుంది, పచ్చళ్ల సీసా ఏ సంచిలో పెట్టామో గుర్తుకు రాదు, చిన్నవాడి చెప్పు ఒకటి కనపడదు. అయినా ఇంటి పెద్ద బైబిలు తెరిచి 'కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను' అని మొదలుపెట్టగానే అందరూ తలలు వంచి నిలబడతారు. ఆ కీర్తన దారి సాఫీగా ఉంటుందని ఎక్కడా చెప్పదు. పాదం జారే చోట్లు ఉంటాయని, పగటి ఎండ ఉంటుందని, రాత్రి భయం ఉంటుందని దానికి తెలుసు. తెలిసే, 'నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును' అంటుంది. రాకలోనూ పోకలోనూ అన్నప్పుడు చేరిన చోటు ఒక్కటే కాదు, మధ్యలోని దూరమంతా ఆయన కాపుదలలోకి వస్తుంది.

కిందటి సంవత్సరం పండుగ ముందు గుణుపురం నుంచి వచ్చే బండిలో చూసిన ఒక దృశ్యం రాస్తాను. కిటికీ పక్కన ఒక మామ్మగారు, ఆమె పక్కన పదేళ్ల మనవడు కూర్చున్నారు. ఆమె ఒళ్లో క్యారేజీ, వాడి ఒళ్లో నోటుపుస్తకం. ఆమె ఒక కీర్తనను పాదం పాదం చొప్పున మెల్లగా చెబుతుంటే వాడు రాసుకుంటున్నాడు. తొంగి చూస్తే రాత ఒడియా లిపిలో ఉంది. నేను చూస్తున్నానని గమనించి ఆమే చెప్పింది: "ఈడు ఒడియా బడిలో సదువుతున్నాడు బాబూ, తెలుగు అచ్చరాలు రావు. నాకా కళ్లు ఆనవు. రేపు మా సెల్లి ఇంటికాడ ప్రార్థనలో పాడాలి గదా, అందుకని నాను సెప్తన్నాను, ఈడు రాస్తన్నాడు." మధ్యమధ్య వాడు రాసినది చదివి వినిపించినప్పుడు, "అక్కడ దీరగం తియ్యాలిరా, లేకపోతే రాగం తెగిపోద్ది" అని దిద్దుతోంది. ఎదుటి సీటులో కూర్చున్న ఒక సవర గిరిజన ఆవిడ కొంతసేపు వింటూ ఉండి, అదే రాగాన్ని తన భాషలో సన్నగా అందుకుంది. ఇద్దరికీ ఒకరి మాట మరొకరికి సరిగా తెలియదు. కాశీనగర్ వచ్చేసరికి క్యారేజీ మూత తెరుచుకుంది, పోకుండలు అటు వెళ్లాయి, పొట్లం కట్టిన ఉడికించిన చిలగడదుంపలు ఇటు వచ్చాయి. మా గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతుకు మించి క్రైస్తవులే, వారిలో సవరలు చాలామంది. అలాంటి చోట కూడా ఆదివారం ఎవరి సంఘానికి వారు వెళ్లిపోవడమే తప్ప, సవర సంఘమూ తెలుగు సంఘమూ ఒకచోట కూర్చునే సందర్భాలు తక్కువ. ఆ రోజు ఆ రెండు సంఘాలనూ ఒక బల్ల మీద కూర్చోబెట్టింది టిక్కెట్టు కొనుక్కుని ఎక్కిన పాసింజరు బండి.

అయినవాళ్ల ఇంటికి వెళ్లడం గురించి ఎవరైనా ప్రసంగం చేస్తే యేసు తల్లి మరియ తన బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్లిన సంగతే ఎత్తుకుంటారు, అది సహజమే. లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఆమె కొండసీమలోని యూదా ఊరికి త్వరగా వెళ్లిందని ఉంది. వందన వచనం చెవిని పడగానే ఎలీసబెతు గర్భంలోని శిశువు గంతులు వేశాడని, మరియ అక్కడ దాదాపు మూడు నెలలు ఉందని కూడా ఉంది. దారిలో ఆమెకు ఏమైందో మాత్రం లూకా రాయలేదు. దారి మాట కావాలంటే అదే సువార్త చివరికి రావాలి. ఎమ్మాయు అనే పల్లెకు ఇద్దరు నడిచి వెళుతున్నారు, అది యెరూషలేముకు ఆమడ దూరం. వాళ్లు పండుగ సరదాలో లేరు. తాము నమ్ముకున్నవాణ్ణి సిలువ వేసి అది మూడో రోజు, ముఖాలు వేలాడేసుకుని ఇల్లు చేరుకుంటున్నారు. ప్రభువు వచ్చి వాళ్లతో కలిసి నడిచాడు. రొట్టె విరిచినప్పుడు ఆయనను గుర్తుపట్టారు, నిజమే, కాని వాళ్లు తరువాత చెప్పుకున్నది ఏమిటి? ఆయన త్రోవలో మాట్లాడుతున్నప్పుడే మన హృదయం మండలేదా అని. గుర్తుపట్టడం భోజనం దగ్గర జరిగినా, ఆదరణ అంతకు ముందే నడకలో మొదలైంది.

దుఃఖంతో చేసే ప్రయాణాల గురించి నేను ప్రత్యేకంగా చెప్పాలనుకున్నది ఇందుకే. మన సంఘాలలో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు ఆదరణ కూడిక పెడతాం. పాస్టరుగారు వాక్యం చెబుతారు, ఇద్దరు ముగ్గురు సాక్ష్యం చెబుతారు, భోజనాలు పెడతారు. మా బావగారు పోయినప్పుడు మా అప్ప ఇంట్లోనూ అలాగే జరిగింది. ఆ కూడికలో ఎవరేం చెప్పారో ఇప్పుడు మా అప్పను అడిగితే ఆమెకు గుర్తు లేదు. బరంపురం నుంచి వచ్చిన మా చిన్నాన్నగారి కోడలు రాత్రి బండిలో నిలబడి వచ్చిందని, తెల్లవారుజామున గుమ్మంలోకి వచ్చి ఏమీ మాట్లాడకుండా పక్కన చతికిలబడి చీపురు పుల్లతో వాకిట్లో గీతలు గీస్తూ చాలాసేపు కూర్చుందని మాత్రం ఇప్పటికీ చెబుతుంది. "దానికి ఒక్క మాటా రాలేదురా, ఏడుపూ రాలేదు. వచ్చి కూసుంది, అంతే" అంటుంది. వాక్యం అక్కరలేదని నా ఉద్దేశం కాదు. వాక్యం చెప్పేవారి కంటే ముందే, ప్రయాణపు అలసటతో వచ్చి కూర్చున్నవారి ద్వారా దేవుడు ఆ ఇంటిని పలకరించాడని నా నమ్మకం.

ఫోను ఉండగా ఇంత శ్రమ ఎందుకని చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. వీడియో కాల్‌లో ప్రార్థన చేసుకోవచ్చు, కానుక ఫోన్‌పేలో పంపవచ్చు, కేకు ఇంటికే తెప్పించవచ్చు. మంచి ప్రశ్నే. యోహాను రాసిన మూడవ పత్రికలో దీనికి దగ్గరి జవాబు ఒకటి ఉంది. చెప్పవలసిన సంగతులు చాలా ఉన్నా సిరాతోను కలముతోను రాయడం తనకు ఇష్టం లేదనీ, త్వరలోనే వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఆశిస్తున్నాననీ ఆయన రాశాడు. సందేశం పంపే సాధనం చేతిలోనే ఉండి, దాన్ని పక్కన పెట్టి బయలుదేరాలనుకున్న మనిషి ఆయన. మాకైతే ఇంతకంటే గట్టి పాఠం 2018లో దొరికింది. ఆ సంవత్సరం అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ప్రాణాలు పోయాయి, కరెంటు పోయింది, చాలా ఊళ్లలో ఫోన్లు మూగబోయాయి. అవతలివాళ్లు ఉన్నారో లేరో తెలుసుకోవాలంటే వెళ్లి చూడడం తప్ప మార్గం లేదు. పడిపోయిన చెట్ల మీంచి ఎక్కి దిగుతూ, సంచిలో బియ్యం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు పెట్టుకుని నడిచి వచ్చిన బంధువులను ఈ ప్రాంతంలో చాలా ఇళ్లు చూశాయి. అలాగే 2020 మార్చిలో రైళ్లు ఆగిపోయి, సరిహద్దుల్లో అడ్డంకులు పెట్టినప్పుడు అయినవాళ్ల సమాధి కార్యక్రమాన్ని సెల్‌ఫోనులో చూసినవాళ్లూ ఉన్నారు. ఆ సంవత్సరం ఈస్టరు ఆరాధన కూడా ఇళ్లలోనే జరిగింది. ఫోను మనల్ని ఆ కాలంలో ఆదుకుందని నేను ఒప్పుకుంటాను. కాని రైళ్లు మళ్లీ మొదలైనప్పుడు జనం ఎలా పరుగెత్తారో చూసినవారెవరూ ఆ రెండూ ఒకటేనని అనరు.

ఇక్కడ మా సంఘాలవారికి ఒక మాట చెప్పక తప్పదు. క్రైస్తవ సంతోషం అంటే రైలు పెట్టెలో స్పీకరు పెట్టి పాటలు మోగించడం కాదు. పండుగ రోజుల్లో కొందరు యువకులు ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి, పక్కవారు నిద్రపోతున్నా, రోగులు ఉన్నా పట్టించుకోకుండా గంటలకొద్దీ మోగిస్తున్నారు. అడిగితే సువార్త అంటారు. మన సంతోషం తోటి ప్రయాణికుడికి తలనొప్పి అయితే అది ఎవరికి సువార్త? ఒక ముసలాయనకు కిటికీ సీటు ఇచ్చి, ఒక తల్లి చేతిలోని బిడ్డను కాసేపు ఎత్తుకుని, దిగేటప్పుడు ఎవరిదో మూట దించి పెట్టినవాడు నోరు తెరవకపోయినా చెప్పవలసింది చెప్పినట్టే. మతం వేరైన పక్కింటివాళ్లు మా ప్రయాణాలకు ఏనాడూ అడ్డు రాలేదు సరికదా, మేము ఊరెళుతున్నామంటే మా ఒడియా పొరుగువారు అరిసా పిఠా చేసి డబ్బాలో పెట్టి ఇస్తారు. అవి మన అరిసెలకు అచ్చంగా తోబుట్టువులే. అలాంటి మర్యాదకు రైలులో మనం ఇచ్చే బదులు గోల కాకూడదు.

ప్రయాణాలన్నీ ఇష్టమైనవారి దగ్గరకే కాదని కూడా నాకు తెలుసు. పొలం గట్టు తగాదాతో మాటలు ఆగిపోయిన అన్నదమ్ములు ఉన్నారు, కోడలితో పొసగక ఏడాదికొకసారి మొక్కుబడిగా వచ్చిపోయే అత్తగార్లు ఉన్నారు, ఆసుపత్రిలో ఉన్న మనిషిని చివరిసారి చూడడానికి గుండె చేత్తో పట్టుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్లకు సంతోషించండి అని చెప్పడం తేలిక, చెప్పేవాడు ఇంట్లో కూర్చుని ఉంటే మరీ తేలిక. వాళ్ల విషయంలో పౌలు ప్రయాణం నాకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది. అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయంలో ఆయన ఖైదీగా రోముకు వెళుతున్నాడు, అంతకు ముందే ఓడ పగిలి సముద్రం నుంచి బయటపడ్డాడు. అలాంటి మనిషికి ఎదురు రావడానికి రోములోని సహోదరులు అప్పీయా సంతపేట వరకు, త్రిసత్రముల వరకు వచ్చారు. అప్పీయా సంతపేట రోముకు సుమారు 60 కిలోమీటర్ల దూరం. పౌలు వారిని చూసి దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ధైర్యం తెచ్చుకున్నాడని రాసి ఉంది. తుపానులో ఓడలోని అందరికీ ధైర్యం చెప్పిన అపొస్తలుడికి ధైర్యం తెచ్చిపెట్టింది దేవదూత కాదు, సగం దారిలో ఎదురుచూస్తున్న కొన్ని తెలిసిన ముఖాలు. అవి కూడా బహుశా అంతగా తెలిసినవి కావు. పౌలు అంతకు ముందు రోముకు వెళ్లినవాడే కాదు.

అందుచేత సరిహద్దు సంఘాల పాస్టరుగార్లకూ, యువజన సమాజాలవారికీ నా విన్నపం ఒకటుంది. సెమీ క్రిస్మస్‌కు, కేరల్స్‌కు మనం పెట్టే శ్రద్ధలో కొంచెం ప్రయాణికుల మీద పెడదాం. డిసెంబరు ఇరవై దాటిన తరువాత నౌపడ, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురం స్టేషన్లలో బండి వచ్చే వేళకు ప్రతి సంఘం నుంచి ఇద్దరు యువకులు నిలబడితే చాలు. ఒంటరిగా దిగే వృద్ధుల సామాను పట్టుకోవడం, ఆటో కుదర్చడం, రాత్రివేళ బస్సు దొరకనివారికి మందిరంలో చాప వేసి పడుకునే చోటు చూపించడం వాళ్ల పని. దిగినవారు ఏ సంఘంవారు, అసలు క్రైస్తవులేనా అని అడగనక్కరలేదు. మందిరంలో ఆదివారం చేసే విజ్ఞాపన ప్రార్థనలో దేశ నాయకుల కోసం, రోగుల కోసం ప్రార్థించినట్టే, ఆ వారం దారిలో ఉన్నవారి కోసం కూడా పేరుపేరునా ప్రార్థించడం మొదలుపెట్టాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. గుణుపురం లైను బండ్ల వేళలు, పర్లాకిమిడి నుంచి టెక్కలి, శ్రీకాకుళం వైపు వెళ్లే బస్సుల వేళలు పండుగ వారమంతా జిల్లా పేజీలో ఒక మూల ప్రచురించండి. ఫోనులో వెతుక్కోవడం చేతకాని పెద్దవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. వాళ్లు పత్రికను కత్తిరించి బైబిలులో పెట్టుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.